కదిలిన ఫొటో

శనివారం పొద్దున్నే ఆరింటికి
విక్ ఊళ్ళో లైబ్రరీ ముందు మినీబస్సెక్కాం తొమ్మిది మందిమి.
ఫొటోలు తీసి పైసా సంపాదించిన వాళ్ళు మాలో లేరు.
వాటీ ఒకప్పుడు చేపల మార్కెట్లో ఐసు కొట్టేవాడు.
ఇన్నెస్ బేకరీలో రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు,
కనుబొమల మీద ఇంకా పిండి.
స్టీరింగు ఇష్బెల్‌ది. ముప్పై ఏళ్ళు ఈ రోడ్డునే
బడి బస్సు నడిపిన చెయ్యి.
ఇంకొకరికి ఇమ్మంటే ఇవ్వదు.

కొండ కొమ్ముకి చేరేసరికి గాలి.
మాట నోట్లోంచి వచ్చీ రాకముందే లాక్కుపోయే గాలి.
ట్రైపాడ్లకి రాళ్ళ సంచులు కట్టాం.
కింద నిలువు గోడ పగుళ్ళలో పక్షుల కాపురాలు,
అరలు అరలుగా, అరకో తగువు.
సముద్రపు ఉప్పు వాసనని మించి
తరతరాల రెట్ట వాసన.

పఫిన్ ఒకటి వచ్చి వాలింది,
ముక్కుకి అడ్డంగా ఐదు చేపలు, వెండి మీసంలా.
ఎనిమిది కెమెరాలు ఒక్కసారి టపటపలాడాయి.
వాటీ లెన్సు మూత తియ్యడం మరిచిపోయాడు.
"దానికి నా మీద పగ.
నాలుగేళ్ళుగా దాని వీపే తీస్తున్నా," అన్నాడు.

పదకొండింటికి గాలి పడిపోయింది.
హమ్మయ్య అనుకునేలోపు హార్ వచ్చింది.
సముద్రపు పొగమంచుకి ఇక్కడి పేరు అది.
మన చెవికి హారంలా వినబడుతుంది గానీ
మెడలో వేసే రకం కాదు, మెడ దాకా ముంచే రకం.
ముందు దీపస్తంభం పోయింది.
తర్వాత పక్షులు, వాటి తగువులు మాత్రం మిగిలాయి.
తర్వాత ఇన్నెస్.
"ఇక్కడే ఉన్నా," అంది ఒక తెల్లదనం.

ఏమీ కనబడనప్పుడు ఏం తీస్తాం?
"మెట్లు దిగుదాం," అంది ఇష్బెల్,
"కాళ్ళకి కనబడతాయి."

మూడు వందల చిల్లర మెట్లు, కొండ చీలిక లోపలికి.
ఒకవైపు గోడ. ఒకవైపు ఏమీ లేదు.
వెనకటికి పడవలు అడుగున ఆగేవట,
హెర్రింగ్ బుట్టలు వీపున కట్టుకుని
ఆడవాళ్ళు ఈ మెట్లెక్కి విక్ దాకా నడిచేవారట.
ఇదంతా బోర్డు మీద ఉంది.
బోర్డు మీద లేనిది మెట్టు మెట్టుకీ నడుమ ఉంది:
ఒక గుంట, దోసిలి లోతు,
అందులో రాత్రి కురిసిన వాన.

ఇన్నెస్ మోకాళ్ళ మీద వాలిపోయాడు.
గుంటలో వెలుగు భలే ఉందన్నాడు,
కోణం చెప్పాడు, అంకెలు చెప్పాడు.
ఇష్బెల్ కెమెరా మెడకి ఊరికే వేలాడుతోంది.
బూటు విప్పింది. మేజోడు విప్పింది.
బొటనవేలు పక్కకి ఒరిగిన డెబ్బై ఏళ్ళ పాదాన్ని
ఆ నీళ్ళలో పెట్టింది.

"మా నాయనమ్మవీ ఇవే కాళ్ళు.
మా ఇంట్లో ఎవరికీ కొట్లో బూట్లు సరిపోవు."
ఇంకేమీ చెప్పలేదు,
నీళ్ళు చురుక్కుమన్నందుకు ఒక తిట్టు తప్ప,
బడి బస్సులో ముప్పై ఏళ్ళు దాచిపెట్టుకున్న తిట్టు.

అప్పుడు నొక్కాడు వాటీ.
మూత తీసే ఉంది.
కానీ నవ్వుతున్నాడు కదా, చెయ్యి కదిలింది.

నెలాఖరు పోటీకి అంశం "నిశ్చలం".
ఇన్వర్నెస్ నుంచి వచ్చిన జడ్జి కళ్ళద్దాలు సర్ది
పాదం మసకబారిందన్నాడు, మెట్టు వంకర అన్నాడు,
ఇరవైకి ఏడు వేశాడు.
మొదటి బహుమతి ఎవరిదో గానెట్ పక్షికి.
ఈకలన్నీ లెక్కపెట్టుకోవచ్చు.

ఆ ఏడు మార్కుల బొమ్మ ఇప్పుడు మినీబస్సులో ఉంది,
డ్రైవరు తల మీద ఎండ అట్టకి గుచ్చి.
గతుకుల్లో ఊగుతుంది.
పాదం దిగుతోందో ఎక్కుతోందో
ఎన్నిసార్లు చూసినా తేలదు నాకు.

ఇష్బెల్ దాని వంక చూడదు.
అద్దంలోంచి వెనక సీటుకేసి,
"మూత తీశావా, వాటీ?" అంటుంది,
గేరు మారుస్తుంది.